పంచనామాకు ఎక్కని కారణాలు

ఎండలు ముదిరాయంటే జిల్లా పేజీల్లో ఈ వార్త లేని వారం ఉండదు. ఊరి పేరు మారుతుంది, నష్టం అంకె మారుతుంది, ఆఖరి వాక్యం మాత్రం మారదు: షార్ట్ సర్క్యూట్ వల్లే ప్రమాదం జరిగిందని ప్రాథమికంగా భావిస్తున్నారు. కాలింది బట్టల దుకాణమైనా, టింబర్ డిపో అయినా, పాత సామాన్ల గోదామైనా అదే మాట. ప్రాథమికంగా భావించాక ఎప్పుడో ఒకప్పుడు తేల్చి చెప్పాలి కదా! ఆ వార్త రావడం మహా అరుదు. ఎందుకంటే తేల్చే పని ఎవరికీ గట్టిగా అప్పగించలేదు. పోలీసులు అగ్నిప్రమాదం కింద కేసు రాసుకుంటారు. రెవెన్యూ సిబ్బంది వచ్చి నష్టం అంచనా కడతారు. అగ్నిమాపక కేంద్రం ధ్రువపత్రం ఇస్తుంది. బీమా ఉన్న వ్యాపారి సర్వేయర్ చుట్టూ తిరుగుతాడు, లేనివాడు ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరుగుతాడు. మంట ఏ బోర్డులో, ఏ జాయింటు దగ్గర మొదలైందో, పక్క గదికి ఎలా పాకిందో కాగితం మీద పెట్టే నాథుడు ఉండడు. కాలిన సరుకు ఎత్తేసి, గోడలకు సున్నం కొట్టించి, పాత పద్ధతిలోనే వైరింగ్ చేయించి మళ్లీ షట్టర్ ఎత్తుతారు.

చిన్న పట్టణాల్లో అగ్నిప్రమాదాలు ఎందుకు తగ్గడం లేదని అడిగితే ఫైరింజన్లు చాలవని, నీళ్లు దొరకవని, సందులు ఇరుకని జవాబులు వస్తాయి. అన్నీ నిజమే. అయితే అవి మంట పెద్దదవడానికి కారణాలు. మంట పుట్టడానికి కారణాలు వేరే ఉన్నాయి. వాటి జోలికి మనం పోవడం లేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద అగ్నిప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 7,435. అందులో సగానికి పైగా నివాస గృహాల్లోనే పోయాయి. పెద్ద నగరంలో పెద్ద భవనం తగలబడితే అందరం టీవీల ముందు కూర్చుంటాం కానీ, ఈ చావుల్లో ఎక్కువభాగం ఎవరి కంటా పడని వంటింట్లో, నిద్రపోయే గదిలో జరుగుతున్నాయి.

ముందు కరెంటు సంగతి చూద్దాం, ఎందుకంటే నింద మొత్తం దానిమీదే పడుతోంది. ఫేజు, న్యూట్రల్ తీగలు నేరుగా తగిలితే ఒక్కసారిగా విపరీతమైన కరెంటు పారుతుంది. అదే షార్ట్ సర్క్యూట్. కరెంటు మితిమీరితే లైను ఆపేసే ఎంసీబీ స్విచ్చు సరైనది ఉంటే రెప్పపాటులో కట్ అయిపోవాలి. కట్ కాలేదంటే ఎంసీబీ అయినా పనికిరానిదై ఉండాలి, లేదా అసలు జరిగింది షార్ట్ సర్క్యూటే కాకపోయి ఉండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ కారణంతో మంట పుట్టినా ఆ వేడికి వైర్ల మీది ప్లాస్టిక్ తొడుగు కరుగుతుంది, లోపలి తీగలు తగులుకుని అతుక్కుపోతాయి. అంటే మంట వల్ల కూడా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కాలిన కొట్టులో అతుక్కున్న తీగలు కనిపించగానే మూలం దొరికిందనుకుంటే, ఫలితాన్ని పట్టుకుని కారణమని రాసుకున్నట్టే.

అసలు దొంగ చాలాసార్లు లూజు కనెక్షన్. ఏ కొట్లోనైనా ఫ్రిజ్ ప్లగ్గు పెట్టిన సాకెట్టును దగ్గరగా చూడండి. తెల్లటి ముఖం మీద ఒక రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ ఉంటుంది. అప్పుడప్పుడూ ప్లాస్టిక్ మాడిన వాసన వస్తుంది. లోపల స్క్రూ వదులై, తీగ అంటీ ముట్టనట్టు ఉండి, ఆ సందులో కరెంటు వేడి పుట్టిస్తోందన్న మాట. ఇక్కడ పారే కరెంటు మామూలు కన్నా ఎక్కువేమీ కాదు కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు, అది పడిపోదు. నెలల తరబడి ఆ చిన్న వేడి సాకెట్టు వెనకాల చెక్క పలకను ఎండబెట్టి, నల్లబరిచి, ఒక రాత్రి అంటిస్తుంది. మచ్చ కనిపించినప్పుడు యజమాని చేసే పని ప్లగ్గు తీసి పక్క సాకెట్టులో పెట్టడం. అక్కడా అదే కథ మొదలవుతుంది.

దీనికి తోడు లోడు. ముప్పయ్యేళ్ల కిందట నాలుగు ఫ్యాన్లకూ ఆరు ట్యూబులైట్లకూ లాగిన వైరు మీద ఇవాళ రెండు ఏసీలు, ఒక డీప్ ఫ్రీజర్, ఇన్వర్టర్, సీసీ కెమెరాలు నడుస్తున్నాయి. తీగలో కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఏసీకి మందం ఉన్న వైరు విడిగా లాగాలని ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ తెలుసు. గోడ పగలగొట్టే ఖర్చుకు వెనకాడి యజమాని వద్దంటాడు, ఉన్న పాయింటుకే కలిపేస్తారు. ఇంకా ఫ్యూజులతో నెట్టుకొచ్చే కొట్లలో ఫ్యూజు ఎగిరినప్పుడల్లా సన్నని ఫ్యూజు తీగకు బదులు రాగి వైరు పోగులు నాలుగు మెలిపెట్టి చుట్టేస్తారు. ఇక ఆ ఫ్యూజు పోదు. పోవాల్సింది ఫ్యూజు, అది పోకపోతే గోడలోని వైరు పోతుంది. స్తంభం నుంచి వచ్చే అల్యూమినియం సర్వీసు వైరును లోపలి రాగి వైరుకు నేరుగా చుట్టి టేపు వేయడం మరో అలవాటు. ఆ రెండు లోహాలూ పొసగవు. కాలం గడిచేకొద్దీ అతుకు తుప్పుపట్టి, వదులై కాలుతుంది.

అన్నీ వినియోగదారు తప్పులే అనుకుంటే అన్యాయం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 400 దాకా వస్తుంది. వీధి మొత్తంలో టీవీలు, ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు ఒకేసారి కాలిపోయాయన్న వార్తల వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. వేసవిలో లోడు పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ల జంపర్లు కాలి రవ్వలు రాలడం, ఈదురుగాలికి వేలాడే తీగలు కొట్టుకుని తాటాకు కప్పుల మీద నిప్పు పడటం విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంలకు తెలియనివి కావు. గడ్డి ఎత్తుగా వేసుకెళ్లే ట్రాక్టర్ తీగలు తగిలి తగలబడిన ప్రతిసారీ డ్రైవరు నిర్లక్ష్యం అంటాం. ఆ తీగ నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచి రాసిన నివేదిక ఒక్కటీ బయటికి రాదు.

కరెంటు నిప్పు పుట్టిస్తుంది, మనుషుల్ని చంపేది ఎక్కువగా కట్టడం తీరు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు, వారిలో పసిపిల్లలు కూడా ఉన్నారు. కింద దుకాణాలు, పైన కుటుంబం ఉండే ఇల్లు, బయటికి రావడానికి ఇరుకైన ఒకే దారి. మంట తగలక ముందే పొగ ఊపిరాడనివ్వలేదు. 2022 మార్చి 23న బోయిగూడలో తుక్కు గోదాము పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలదీ అదే గతి. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింది అంతస్తులో నిల్వచేసిన రసాయనాల డ్రమ్ములు తొమ్మిది మందిని పొట్టనబెట్టుకున్నాయి. ఇవి మహానగరం పేర్లు కాబట్టి దేశమంతా విన్నది. కానీ కింద కొట్టు, మధ్యలో సరుకు, పైన కాపురం అన్న కట్టడం ఏ తాలూకా కేంద్రంలో లేదు? మెయిన్ బజారులో ఏ బట్టల కొట్టు మెట్లెక్కినా ఒకవైపు చీరల కట్టలు, మరోవైపు అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. వెనక తలుపుకు దొంగల భయంతో తాళం, ఆ తాళానికి అడ్డంగా బీరువా.

చట్టం ఇక్కడికి చేరదు, చేరేలా రాయలేదు కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో తెచ్చిన అగ్నిమాపక సేవల చట్టం కింద 15 మీటర్ల ఎత్తు దాటిన వాణిజ్య భవనాలకు, 18 మీటర్లు దాటిన నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) కావాలి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం చేరే చోట్లకైతే 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు గీత. చిన్న పట్టణంలో జీ ప్లస్ టూ కొట్టు పది పన్నెండు మీటర్లు మించదు. అంటే ఊళ్లో అత్యంత ఎక్కువ సరుకు, అత్యంత పాత వైరింగ్, అత్యంత ఇరుకు మెట్లు ఉన్న వీధి మొత్తం ఎన్‌వోసీ గీతకు కిందనే ఉండిపోతుంది. ఎత్తైన భవనానికి నిచ్చెన చాలదన్న భయంతో గీసిన గీత అది. ఇరుకు భవనంలో మనిషి కిందికి దిగలేడన్న భయంతో ఇంకో గీత గీయాల్సింది, ఎవరూ గీయలేదు.

గీత పరిధిలోకి వచ్చే ఫంక్షన్ హాళ్ల వంటి చోట్ల పరిస్థితి కూడా చూడాలి. ఈ మాట వచ్చినప్పుడల్లా గుర్తుకు రావాల్సిన ఊరు హర్యానాలోని డబ్వాలీ. సిర్సా జిల్లాలో, పంజాబ్ సరిహద్దున ఉన్న చిన్న మండీ పట్టణం. 1995 డిసెంబరు 23న అక్కడి ఒక పాఠశాల వార్షికోత్సవం ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఆవరణ పైన సింథటిక్ గుడ్డతో షామియానా. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి వెయ్యిమందికి పైగా ఉన్నారు. కరెంటు నిప్పు అంటుకున్న గుడ్డ కరిగి, మండుతూ జనం మీద పడింది. అందరూ ఒక్క గేటు వైపు పరుగెత్తారు. నిమిషాల్లో అయిపోయింది. చనిపోయినవారు 440 మందికి పైమాటే, అందులో సగానికి పైగా చిన్నపిల్లలు. ఆ సంఖ్య పట్టణానికి ఎంత పెద్దదంటే బంధువునో ఇరుగుపొరుగునో పోగొట్టుకోని వీధి అక్కడ మిగలలేదు. పధ్నాలుగేళ్ల తర్వాత, 2009లో, పంజాబ్ హర్యానా హైకోర్టు పాఠశాల యాజమాన్యాన్నే కాక ప్రభుత్వ విభాగాలనూ బాధ్యుల్ని చేసి పరిహారం ఇవ్వమంది. వైరింగ్ ఎవరు చూశారు, హాలుకు అనుమతి ఎవరిచ్చారు, బయటి దారులు ఎన్ని అన్న ప్రశ్నలు అన్నీ అడిగిన విచారణ అది. అలాంటి విచారణ జరగడానికి అంతమంది చావాల్సి వచ్చింది.

తమిళనాడులోని కుంభకోణం కూడా పెద్ద నగరమేమీ కాదు. 2004 జూలై 16న మధ్యాహ్న భోజనం వండే పొయ్యి నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. దాని మీద వేసిన పిటిషన్‌లోనే 2009లో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి బడీ అగ్నిభద్రతా ప్రమాణాలు పాటించి తీరాలని ఆదేశించింది. మన ఊళ్లలో తాటాకు పందిళ్లు పోయి సింథటిక్ షామియానాలు వచ్చాయి. పెళ్లికీ, వినాయక చవితికీ అవే. స్తంభానికి కొక్కేలు తగిలించి తీసుకున్న కరెంటు, దానికి వందలకొద్దీ సీరియల్ బల్బులు, పక్కన థర్మాకోల్ అలంకరణ, దేవుడి ముందు దీపం. డబ్వాలీలో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి.

వంటింటి విషయానికొస్తే పరిస్థితి ఒకప్పటి కన్నా మెరుగుపడింది, ఒప్పుకోవాలి. కట్టెల పొయ్యి నుంచి ఎగిరిన నిప్పురవ్వతో పేటలకు పేటలు బూడిదైన వేసవులు డెల్టా పల్లెల్లో పెద్దవాళ్లకు గుర్తే. కిరోసిన్ బుడ్లు పోవడం, 1999లో మొదలైన దీపం పథకం, పక్కా ఇళ్లు ఆ ప్రమాదాల్ని బాగా తగ్గించాయి. వాటి స్థానంలో వచ్చిన ప్రమాదం వేరు. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది, లీకైతే పైకి పోదు, నేల వెంట పాకి గది మూలల్లో, మంచం కింద నిలుస్తుంది. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. వాసన వచ్చిన వెంటనే చాలామంది చేసే మొదటి పని లైటు వేసి చూడటం. ఆ స్విచ్చులో పుట్టే చిన్న రవ్వే సరిపోతుంది. స్టవ్వు గొట్టం అయిదేళ్లకోసారి మార్చాలి. ఎలుక కొరికి, ఎండి, పగుళ్లిచ్చిన గొట్టంతోనే పదేళ్లు నడిపేవాళ్లున్నారు. అయినా ఈ ఇంటి తప్పులకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. ఇంటి సిలిండర్ నుంచి చిన్న సిలిండర్లలోకి గ్యాస్ నింపే కొట్లు. బస్టాండు వెనక సందులో, చెప్పుల కొట్టుకూ సెల్‌ఫోన్ల కొట్టుకూ మధ్యన ఉంటాయవి. కొలతా లేదు, వాల్వుకు భరోసా లేదు. కిలోల లెక్కన గ్యాస్ కొనుక్కునే కూలివాడికి, హాస్టల్ కుర్రాడికి అది తప్ప దారి లేదు. ఊరందరికీ తెలిసిన ఈ అడ్రసు తనిఖీ అధికారులకు తెలియకపోవడం సాధ్యం కాదు. దీనికి ఇప్పుడు బ్యాటరీ స్కూటర్లు తోడయ్యాయి. 2022 ఏప్రిల్లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్ లాడ్జిలో కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన పొగకు ఎనిమిది మంది బలయ్యారు.

పంటలతో బతికే పట్టణాలకు వాటి సొంత నిప్పులున్నాయి. ఆదోని, ఆదిలాబాద్, జమ్మికుంట వంటి పత్తి ఊళ్లలో జిన్నింగ్ మిల్లులోకి వచ్చే పత్తిలో చిన్న రాయో ఇనుప ముక్కో ఉంటే చాలు. యంత్రంలో రాసుకుని రవ్వ పుడుతుంది, గాలి గొట్టాల వెంట ఆ రవ్వ గోదాముకు చేరుతుంది. బేలు లోపల నిప్పు రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది, పైన నీళ్లు కొట్టినా లోపలికి దిగవు. గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలు కాలితే ఘాటుకు సిబ్బంది లోపలికి అడుగు పెట్టలేరు. గోడలు పగలగొట్టి బస్తాలు బయటికి లాగాల్సిందే.

మంట లేచాక వచ్చేవారి గురించి కూడా చెప్పాలి. స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం పట్టణంలో 5 నుంచి 7 నిమిషాల్లో, గ్రామాల్లో 20 నిమిషాల్లో ఫైరింజన్ చేరాలి. చుట్టూ మూడు నాలుగు మండలాలకు కలిపి ఒకే కేంద్రం, అందులో ఒకే బండి ఉన్నచోట అది కలలో మాట. ఒక వాటర్ టెండర్‌లో పట్టేది సాధారణంగా 4,500 లీటర్లు. రెండు పైపులు పూర్తిగా తెరిస్తే పది నిమిషాలు రావు. ఆ తర్వాత ట్యాంకు నింపుకోవడానికి ఎటు పోవాలన్నది ముందే తేల్చి ఉంచాల్సిన విషయం, కానీ నీళ్లు పట్టుకునే హైడ్రెంట్ల మీద సిమెంటు రోడ్లు వేసేసిన మున్సిపాలిటీలున్నాయి. పదిహేనో ఆర్థిక సంఘం అగ్నిమాపక సేవల విస్తరణకు 5,000 కోట్ల రూపాయలు కేటాయించింది. అందులోంచి కొత్త బండ్లు వస్తే సంతోషమే. కానీ బండి కాలుతున్న కొట్టు దగ్గరికి వస్తుంది, మచ్చపడిన సాకెట్టు దగ్గరికి రాదు.

ఆ సాకెట్టు దగ్గరికి వెళ్లాల్సింది ఎవరు? రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవల్ని మున్సిపాలిటీల బాధ్యతల్లో చేర్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అది రాష్ట్ర ప్రభుత్వ శాఖగానే ఉంది. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి, ట్రేడ్ లైసెన్సు మున్సిపాలిటీవి. మీటరు డిస్కంది. ఆర్పడం అగ్నిమాపక శాఖది. కొట్టు యజమాని మున్సిపాలిటీకీ డిస్కంకూ వేర్వేరుగా డబ్బు కడతాడు, ఈ ముగ్గురూ కలిసి ఆ కొట్లో ఒక్కసారీ అడుగుపెట్టరు. ట్రేడ్ లైసెన్సు ఫీజు కడితే రెన్యువల్ అవుతుంది. నిర్దిష్ట లోడు దాటిన కనెక్షన్‌కు ఎర్త్ లీకేజీని పట్టే పరికరం ఉండాలన్న కేంద్ర నిబంధన ఉంది, అది ఉందో లేదో మీటరు రీడింగుకు వచ్చిన మనిషి చూడడు, చూడమని అతనికి చెప్పలేదు.

ఈ ముగ్గురూ కలవడం అసాధ్యమని ఎవరైనా అంటే దీపావళి మైదానం చూపించాలి. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం తాత్కాలిక బాణసంచా కొట్ల మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలి, ఎదురెదురుగా ఉండకూడదు, ఒకచోట 50కి మించకూడదు. ఒకప్పుడు బజారు నడిమధ్యన అమ్మిన టపాకాయలు చాలా పట్టణాల్లో ఇప్పుడు కాలేజీ మైదానానికి మారాయి. ఇసుక బకెట్లు, నీళ్ల డ్రమ్ములు, పక్కనే నిలిపిన ఫైరింజన్ కనిపిస్తాయి. రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక సిబ్బంది, కరెంటు లైన్‌మన్ ఆ నాలుగు రోజులకు ఒకే చోట చేరతారు. బాణసంచా తయారీ కేంద్రాల దగ్గర ఆ శ్రద్ధ లేదు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది కూలీలు ఆ లోపానికి బలైపోయారు. అమ్మకం దగ్గర సాధ్యమైంది మెయిన్ బజారులో ఎందుకు సాధ్యం కాదు? ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతాం. 1944లో బొంబాయి రేవు పేలుడులో ప్రాణాలిచ్చిన 66 మంది సిబ్బంది స్మృతికి పెట్టుకున్న రోజులవి. బడుల్లో ప్రదర్శనలతో, కరపత్రాలతో ముగిసిపోతున్నాయి. ఆ ఏడు రోజుల్లో స్టేషన్ ఆఫీసరు, డిస్కం ఏఈ, మున్సిపల్ టౌన్ ప్లానింగ్ అధికారి కలిసి బజారు వీధి ఒకవైపు నుంచి నడిస్తే ఒక చిన్న పట్టణం పూర్తవుతుంది. నోటీసులు, జరిమానాలు తర్వాత సంగతి. ముందు చూడాల్సినవి మెట్ల మీద సరుకు, వెనక తలుపు తాళం, బోర్డులో ఎంసీబీ. రాత్రి కొట్టు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయమంటే ఫ్రిజ్ ఆగిపోతుంది, కెమెరాలు ఆగిపోతాయి అంటారు. వాటికి విడిగా ఒక లైను లాగి మిగతాదంతా కట్టేసే ఏర్పాటు చేయించవచ్చు. కాలిన సరుకు విలువతో పోలిస్తే అది ఖర్చే కాదు. పూరిల్లు కాలిన కుటుంబానికి విపత్తు సాయం నిబంధనల కింద దక్కేది 8,000 రూపాయలు. పోగొట్టుకున్నవాడు ఆ డబ్బుతో మళ్లీ లేవలేడు.

ఇక కాలిపోయాక రాసే కాగితం. అగ్నిమాపక కేంద్రం ఇచ్చే నివేదికలో షార్ట్ సర్క్యూట్ అన్న గడి కింద ఇంకొన్ని గడులు పెట్టాలి. మంట మొదలైన బోర్డు ఏది, ఆ లైను మీద లోడు ఎంత, వైరు మందం ఎంత, ఎంసీబీ పడిందా పడలేదా, వైరింగ్ ఎవరు ఎప్పుడు చేశారు, బయటికి దారులు ఎన్ని తెరిచి ఉన్నాయి. డిస్కం ఏఈ, మున్సిపల్ ఇంజనీరు దాని మీద సంతకం పెట్టాలి, తమ వైపు లోపం ఉంటే అదీ రాయాలి. ఒక కాపీ మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డుకు, ఒక కాపీ ఆ వీధి ట్రేడ్ లైసెన్సుల ఫైలుకు వెళ్లాలి. పక్క కొట్టు యజమాని రెన్యువల్‌కు వచ్చి నిలబడినప్పుడు గుమాస్తా అతన్ని అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ కాగితంలోనే ఉంటాయి.